ఇంటి వ్యాయామమునకు డంబెల్సు నెన్నుకొనుట

విద్యార్థులకు విద్యవలెనే దేహబలమును ఆవశ్యకము. ఇంట సాధన చేయగోరువారికి బరువు మార్చుకొనదగిన డంబెల్సు మిక్కిలి యనుకూలములు. ఒక్క జతయే పెక్కు జతల పని చేయును. అయితే కొనుటకు ముందు మూడు విషయములు పరిశీలింపవలెనని మేము తలంచుచున్నాము.

మొదటిది బిగింపు. ఒక రకమున ఇనుప కడ్డీకి బిళ్లలు తొడిగి, కొనలయందు మరలతో బిగింతురు. ఇది చవుక, దృఢము. కాని బిళ్లలు మార్చుటకు కొంతసేపు పట్టును. వేరొక రకమున చక్రమును త్రిప్పినంతనే వలసిన బిళ్లలు మాత్రమే పిడితో లేచివచ్చును. ఇది సులభమే గాని లోపలి యంత్రము సున్నితము. బోఫ్లెక్స్ అను పేరిట అమ్ముడైన యిట్టి డంబెల్సు సుమారు 38 లక్షలు, వాడుచుండగా బిళ్లలు ఊడిపడుచున్నవను కారణమున, 2025 జూన్ నెలలో అమెరికాలో వెనుకకు పిలువబడినవి. కావున ఏ రకమైనను, ప్రతిసారియు నేలకు దగ్గరగనే యెత్తి, కదల్చి, బిగువు చూడవలెను.

రెండవది బరువు పెరుగు క్రమము. 5 కిలోలనుండి ఒక్కసారిగ 10 కిలోలకు పోయినచో భారము రెట్టింపగును, భుజములు నొచ్చును. ఇరువైపుల 1.25 కిలోల బిళ్ల లొక్కొక్కటి చేర్చినచో 2.5 కిలోలే పెరుగును. ఇట్టి చిన్న బిళ్లలుగల సెట్టు మేలు.

మూడవది పిడి. అది చెమటకు జారక, చిన్న చేతులకును పట్టు చిక్కునదై యుండవలెను.

బాలబాలికలారా! తోటివారు ఎత్తిన బరువును చూచి పోటీపడకుడు. నడుము వంగక, ఊపిరి బిగబట్టక, 10 లేక 12 మారు లెత్తగలిగినదే మీకు తగిన బరువు. పెద్దల యెదుట సాధన చేయుడు. దేవు డొసగిన దేహమును బలపరచుకొనుటయే గాని గాయపరచుకొనుట వ్యాయామము గాదు.