టేబుల్ టెన్నిస్‌లో ఎదుటివాని లోపం కనిపెట్టడం ఎట్లా?

టేబుల్ టెన్నిస్ ఆడే బల్ల పొడవు 9 అడుగులు. గట్టిగా కొట్టిన బంతి ఆ దూరం దాటడానికి అర సెకను పట్టదు. అంతలో ఎదుటివాని లోపం కనిపెట్టడం ఎవరి తరమని మనకు తోచవచ్చు. నిజానికి ఆ పరిశీలన బంతి ఎగురుతున్నప్పటికంటె, ఆటకు ముందూ, పాయింటుకూ పాయింటుకూ నడుమనూ ఎక్కువగా సాగుతుంది.

మొదట చూడవలసినది బ్యాట్. ఆరంభానికి ముందు ప్రత్యర్థి బ్యాట్‌ను పరిశీలించే హక్కు నిబంధనలలోనే ఉన్నది. నున్నని రబ్బరు బంతికి స్పిన్ బాగా ఇస్తుంది. పొడవైన బుడిపెల రబ్బరు తానుగా ఇచ్చేది తక్కువ. మనం వేసిన స్పిన్‌నే చాలావరకు మనకు తిప్పి పంపుతుంది. మణికా బాత్రా బ్యాక్‌హ్యాండ్ వైపు ఇటువంటి రబ్బరుతో ఆడి, 2018 కామన్‌వెల్త్ క్రీడలలో మహిళల సింగిల్స్ స్వర్ణ పతకం గెలిచారు. ఆ రబ్బరు మీదికి స్పిన్ దట్టించి పంపడం మన కత్తిని ఎదుటివారి చేతికి ఇవ్వడమే. స్పిన్ లేని బంతి పంపితే దానికి తిప్పి ఇవ్వడానికి అంతగా మిగలదు.

తెలియని బ్యాట్ ఎంత పని చేస్తుందో 1952లో బొంబాయిలో జరిగిన ప్రపంచ పోటీలు చూపాయి. జపాన్ క్రీడాకారుడు హిరోజి సాటో మందపాటి స్పాంజి బ్యాట్‌తో వచ్చాడు. రబ్బరు మీద బంతి తగిలిన చప్పుడును బట్టి దెబ్బను అంచనా కట్టడం అప్పటి ఆటగాళ్లకు అలవాటు. స్పాంజి మీద ఆ చప్పుడు దాదాపు లేదు. చెవి సాక్ష్యం పోయింది. సాటో పురుషుల సింగిల్స్ విజేత అయ్యాడు. తరువాత 1959లో రబ్బరు, స్పాంజిల మందానికి నిబంధనలు హద్దు పెట్టాయి.

మ్యాచ్‌కు ముందు లభించే రెండు నిమిషాల అభ్యాసంలో ఎదుటివాని మోచేతిని గమనించాలి. ఫోర్‌హ్యాండ్‌కూ బ్యాక్‌హ్యాండ్‌కూ అదే సరిహద్దు. సరిగ్గా అక్కడికి వచ్చిన బంతిని ఏ వైపుతో అందుకోవాలో ఎంతటివాడికైనా క్షణకాలం తటపటాయింపు కలుగుతుంది. బ్యాక్‌హ్యాండ్ మూలకు బాగా జరిగి నిలబడేవాడు సాధారణంగా ఫోర్‌హ్యాండ్‌ను నమ్ముకున్నవాడు. రెండవ మూల అతనికి దూరమవుతుంది.

ఇక అసలు చిక్కు ఒకటి ఉన్నది. ఒక తప్పును చూసి లోపమని తీర్పు చెప్పరాదు. ఎదుటివాడు బ్యాక్‌హ్యాండ్‌తో బంతిని నెట్‌కు కొట్టాడనుకుందాం. అతని బ్యాక్‌హ్యాండ్ బలహీనమా? మనం అడుగున కట్ చేసిన బంతిలోని స్పిన్‌ను అతడు గుర్తించలేదా? లేక కాళ్లు సమయానికి చేరలేదా? ఈ మూడింటికీ మందు వేరు. కనుక అదే చోటికి, అదే వేగంతో, స్పిన్ లేకుండా మరొక బంతి పంపి చూడాలి. దానిని చక్కగా కొడితే చేతిలో లోపం లేదు. స్పిన్ గుర్తించడంలోనే ఉన్నది. అదీ తప్పితే, ముందు అతనిని కదలనీయకుండా మరల పరీక్షించాలి. అప్పుడు కొట్టగలిగితే లోపం కాళ్లది.

2001 నుంచి గేమ్ 21 పాయింట్లకు బదులు 11 పాయింట్లకు కుదించబడింది. సర్వీసు రెండేసి పాయింట్లకు మారుతుంది. విచారణకు వ్యవధి తక్కువ. తొలి గేమ్‌లోని మొదటి నాలుగైదు సర్వీసులను చిన్నవి, పొడవైనవి, శరీరం మీదికి వచ్చేవిగా పంచుకొని వేస్తే చాలా సంగతులు బయటపడతాయి.

తెలిసిన లోపాన్ని మాత్రం పొదుపుగా వాడుకోవాలి. అదే మూలకు వరుసగా పది బంతులు వేస్తే, పదకొండవ బంతికి అతనికి మనమే శిక్షణ ఇచ్చినట్లవుతుంది. స్కోరు 9–9 ఉన్నప్పుడు పనికివచ్చే ఆయుధాన్ని 3–2 వద్దనే అరగదీయరాదు. పైగా మనం అతనిని పరిశీలిస్తున్నంతసేపూ అతడు మనలను పరిశీలిస్తూనే ఉంటాడు. మన మోచేయి ఎక్కడ ఉన్నదో మనం ఎరిగి ఉండడం ఈ విద్యలో రెండవ సగం.