గెడ్డల పేర్లు తెలిసిన పాట

విశాఖపట్నం తాగే నీళ్లలో కొంత మా అనంతగిరి కొండలది. గోస్తని బొర్రా గుహల దగ్గర బయటపడి, తాటిపూడి జలాశయాన్ని నింపి, భీమిలి దగ్గర సముద్రంలో కలుస్తుంది. శారద ఈ కొండల్లోనే పుట్టి రైవాడ మీదుగా అనకాపల్లి వైపు పోతుంది. తాటిపూడి నీళ్లూ, రైవాడ నీళ్లూ నగరానికి చేరతాయి. ఎక్కడ కవిత చదవమని పిలిచినా ముందు ఈ సంగతి చెప్పి, ఆ తర్వాతే చదువుతాను. అడవి అనగానే చాలామందికి అరకు రైలు కిటికీలోంచి చూసిన పచ్చదనం గుర్తొస్తుంది. ఆ పచ్చదనానికీ తమ ఇంటి బిందెకూ ఉన్న సంబంధం తెలిస్తే వినే తీరు మారుతుంది.

గాలికొండ, రక్తకొండ, చిత్తంగొంది కొండల పైభాగాన బాక్సైట్ ఉంది. ఆ పొర నిండా సన్నని రంధ్రాలు. వానాకాలం కురిసినదాన్ని పీల్చుకుని, తర్వాత నెలల తరబడి ఊటలుగా వదులుతుంది. ఎండాకాలంలో కూడా గెడ్డల్లో తడి మిగిలేది అందుకే. కొండ నెత్తిన ఆ పొరను తవ్వేసి తర్వాత ఎన్ని మొక్కలు నాటినా, నీళ్లు దాచే గుణం తిరిగి రాదు.

ఈ ఊటలకూ గెడ్డలకూ పేర్లున్నాయి. చాలావాటిని ఏ పటంలోనూ చూడలేదు, పాటల్లో విన్నాను. పెళ్లికూతుర్ని అత్తవారి ఊరికి తీసుకెళ్తూ ఆడవాళ్లు పాడే పాటల్లో దారంతా ఉంటుంది. ఏ గెడ్డలో కాళ్లు కడగాలి, ఏ పనసచెట్టు కింద కావిడి దించాలి, ఏ రాయి దాటితే పక్క ఊరి సరిహద్దు వస్తుంది, అన్నీ వరసగా వస్తాయి. కొన్ని ఆదివాసీ ఒడియాలో, కొన్ని కోదుల కువిలో, కొన్ని మా ఉత్తరాంధ్ర తెలుగులో. నోటుబుక్కు పట్టుకుని రాసుకుంటుంటే ముసలమ్మలు ఆపి సరిచేస్తారు. గెడ్డల వరస తప్పితే పాట తప్పినట్టే వాళ్లకి.

కొత్తల పండుగలూ అలాంటివే. మామిడి కొత్త చేసి దేవతకి పెట్టేదాకా చెట్టున కాయ కోయరు. ఈలోగా టెంక ముదురుతుంది, రేపటి మొక్కకి విత్తనం మిగులుతుంది. దీన్ని భక్తి అని ఒకరూ పర్యావరణ శాస్త్రం అని ఇంకొకరూ విడదీయవచ్చు. ఊళ్లో మాత్రం అది పండుగ, తుడుము మోగుతుంది, థింసా ఆడతారు, కాయ తింటారు. సృజన అంటే ఒకరు ఒంటరిగా కూర్చుని చేసే పని అని పుస్తకాలు నేర్పాయి. ఇక్కడ కలుపు తీసేటప్పుడు ఒకామె పాట ఎత్తుకుంటుంది, మిగతావాళ్లు అందుకుంటారు. గ్రామసభ కోసం నేను కట్టిన పాట ఊళ్లు తిరిగేసరికి చీపుళ్ల ధర మీద ఒక చరణం, డోలీ మీద ఒక చరణం పెంచుకుని నా దగ్గరికి తిరిగొచ్చింది. డోలీ చరణం నా చేత అయ్యేది కాదు. రోడ్డులేని ఊరి నుంచి నిండు గర్భిణిని కర్రకి కట్టిన దుప్పట్లో మోసినవాళ్లు కట్టింది అది.

పాటని జనం మధ్యకి తీసుకెళ్లే ఈ దారి వేసినవాళ్లు ముందే ఉన్నారు. బొడ్డపాడు సుబ్బారావు పాణిగ్రాహి జముకుల కథను శ్రీకాకుళం కొండల్లోకి తీసుకెళ్లాడు, అక్కడి పోరాటంలో 1969లో ప్రాణం ఇచ్చాడు. వంగపండు ప్రసాదరావు విశాఖ షిప్‌యార్డులో పనిచేస్తూనే ఉత్తరాంధ్ర యాసకి రాష్ట్రమంతటా గొంతు ఇచ్చాడు. హిమాలయాల్లో చిప్కో ఉద్యమానికి ఘనశ్యామ్ సైలానీ పాటలు కట్టాడు. వీళ్ల దగ్గర నేను నేర్చుకున్నది ఒక్కటే: జనం రోజూ వాడే బాణీలోకి విషయం దిగితేనే అది ఊరు దాటుతుంది.

దాటాల్సిన విషయం మా అనంతగిరి మండలంలోనే పుట్టింది. బొర్రా పంచాయతీ ఊళ్లలో ఆదివాసీల భూముల్ని గనుల కోసం ప్రైవేటు కంపెనీలకి లీజుకిచ్చారు. సమత సంస్థ కోర్టుకెక్కింది. హైకోర్టులో ఓడి సుప్రీంకోర్టుకి వెళ్లింది. 1997 జులై 11న తీర్పు వచ్చింది. ఐదో షెడ్యూలు ప్రాంతంలో ఆదివాసీ భూమినే కాదు, సర్కారు భూమినీ, అటవీ భూమినీ కూడా గిరిజనేతరులకీ ప్రైవేటు కంపెనీలకీ లీజుకివ్వకూడదని ముగ్గురు న్యాయమూర్తుల్లో ఇద్దరు చెప్పారు. ఏజెన్సీ భూమి గిరిజనేతరుల చేతికి పోకుండా 1970లో వచ్చిన 1/70 చట్టానికి అంత బలం ఉందని దేశానికి అప్పుడు తెలిసింది. ఆ తర్వాత కూడా బాక్సైట్ మీద ఆశ చావలేదు. ప్రభుత్వ సంస్థ తవ్వి కంపెనీకి అమ్మే ఏర్పాటుతో 2005లో ఒప్పందం జరిగింది. 2015లో చింతపల్లి వైపు జెర్రెల కొండల్లో 1,212 హెక్టార్ల అటవీ భూమిలో బాక్సైట్ తవ్వకానికి 97వ నంబరు జీవో వచ్చింది. మన్యమంతా కదిలితే ముందు ఆగింది, 2019లో రద్దయింది. సరిహద్దుకి అవతల, ఒడిశా నియమగిరిలో, కువి మాట్లాడే డోంగ్రియా కోదులు 2013లో పన్నెండు గ్రామసభల్లో బాక్సైట్ వద్దన్నారు. వాళ్ల మాటే నెగ్గింది.

అటవీ హక్కుల చట్టం వచ్చి ఇన్నేళ్లయినా ఎక్కువమందికి తెలియని ఒక సంగతి దాని నియమాల్లో ఉంది. పదమూడో నియమం ప్రకారం హక్కు రుజువుకి కాగితాలే ఉండనక్కర్లేదు. పెద్దలు చెప్పింది రాసి పెడితే అదీ సాక్ష్యమే. పాత బావులు, శ్మశానాలు, దేవుడి స్థలాలు కూడా లెక్కకొస్తాయి. ఊరంతటి అడవికి హక్కు అడిగే ఫారం సి 2012 సవరణతో వచ్చింది. దానికి సరిహద్దులు చెప్పాలి. ఆ సరిహద్దులు నోటికొచ్చిన ముసలమ్మలు మన మధ్యే ఉన్నారు. వాళ్ల మాట, వాళ్ల పాట రాసి, వేలిముద్ర వేయించి జత చేయడం ఈ రోజుల్లో నా కవిత్వంలో పెద్ద పని. అచ్చయ్యే పద్యం కంటే దీనికే నేను ఎక్కువ జాగ్రత్త పడతాను.

పర్యాటకం గురించి అడుగుతుంటారు. సాయంత్రం రిసార్టులో థింసా ఆడి నాలుగు డబ్బులు తెచ్చుకునే ఆడపిల్లల్ని నేను తప్పుపట్టను. కాఫీనీ అంతే. అరకు కాఫీకి 2019లో భౌగోళిక గుర్తింపు వచ్చింది, ఇంట్లో పిల్లల ఫీజులు కట్టింది కాఫీయే. అయితే నీడ కోసం ఆస్ట్రేలియా నుంచి వచ్చిన సిల్వర్ ఓక్ ఒక్కటే పెంచుకుంటూ పోతే పనస, నేరేడు, జీలుగు పోతాయి. జీలుగు పోతే దాని కింద కూర్చుని పాడుకునే సాయంత్రాలూ పోతాయి. మిశ్రమ నీడ పెంచే రైతుకి ఎక్కువ ధర ఇవ్వాలని నేను గట్టిగా అడుగుతున్నాను.

ఇప్పుడు కొత్త మాట పంప్డ్ స్టోరేజీ. కొండ పైన ఒక జలాశయం, కింద ఒకటి. కరెంటు మిగిలిన వేళ నీళ్లు పైకి తోడి, కరవైన వేళ కిందకి వదిలి విద్యుత్తు తీస్తారు. మా మండలంలో పెదకోట దగ్గర ఇలాంటిదానికి 2022లో రాష్ట్ర ప్రభుత్వం ఆమోదం ఇచ్చింది. సౌరవిద్యుత్తు నిల్వకి ఇది అవసరమంటారు. వాతావరణం గురించి బెంగ నాకూ ఉంది. కానీ షెడ్యూలు ప్రాంతంలో భూమి తీసుకునే ముందు గ్రామసభతో సంప్రదించాలని 1996 నాటి పెసా చట్టం చెబుతోంది. ఏ గెడ్డ నీళ్లు తీసుకుంటారు? పేల్చిన రాయి ఎక్కడ పోస్తారు? ఎండాకాలం కింద ఊళ్లకి ఎన్ని నీళ్లు వదులుతారు? ఎవరి పోడు, ఎవరి కాఫీ మునుగుతుంది? ఈ ప్రశ్నల్ని తెలుగులో, ఆదివాసీ ఒడియాలో, కువిలో పాటగా కట్టి తిప్పుతున్నాం. అవే ప్రశ్నల్ని తీర్మానంగా రాసి, జవాబులు కాగితం మీద ఇచ్చేదాకా ఎవరూ సంతకం పెట్టొద్దని ఊరూరా చెబుతున్నాం.