కైమాలో కార్జం

2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో తెలంగాణ స్త్రీలలో నూటికి 57 మందికి పైగా రక్తం తక్కువని తేలింది. అద్దాల మేడలు లేచిన మాదాపూర్‌లో కాపురమున్న మన పూర్వ విద్యార్థుల ఇళ్ళూ ఈ లెక్కకు దూరం కావు సుమా!

వంద గ్రాముల మేక కార్జంలో సుమారు 6 మిల్లీగ్రాముల ఇనుముంటుంది. ఆకుకూరలోని ఇనుముకన్నా అది ఒంటికి తేలికగా పడుతుంది. కానీ పిల్లలు వాసనకే మొహం తిప్పేస్తారు గదా! అందుకని నాలుగు పాళ్ళ కైమాకు ఒక పాలు కార్జం చాలు. పైపొర ఒలిచి, పసుపు నీళ్ళలో లోపలిదాకా ఉడికించి, సన్నగా తరిగి, కైమా ఉడికాక చివర్లో మెంతికూరతో కలపాలి. ముందే వేస్తే గట్టిపడి, పంటికి తగిలి గుట్టు రట్టవుతుంది.

వారానికొక్కసారి చాలు. విటమిన్ ఎ మితిమీరుతుంది గనుక గర్భిణులకు వద్దు; కీళ్ళలో యూరిక్ ఆమ్లం చేరేవారికీ వద్దు. వాళ్ళకు తెలియకుండా వడ్డించడం మాత్రం తప్పే.