‘సిద్ధార్థ’: ఆకలి లేని భారతం

విదేశీయుడు మన దేశాన్ని తెరకెక్కించినప్పుడల్లా రాజధానిలో రెండు ప్రశ్నలు తలెత్తడం పరిపాటి. దారిద్ర్యాన్ని చూపాడా అన్నది ప్రభుత్వం అడిగేది. నగ్నత్వాన్ని చూపాడా అన్నది సంఘం అడిగేది. నిజం చూపాడా అన్న మూడవ ప్రశ్న అంత తరచుగా వినిపించదు. అమెరికన్ దర్శకుడు కాన్రాడ్ రూక్స్ తీయగా 1972లో వెలువడిన ‘సిద్ధార్థ’ చిత్రాన్ని గూర్చి అర్ధ శతాబ్దం గడచినా భిన్నాభిప్రాయాలు మిగిలి ఉండడానికి ఇదొక ముఖ్య కారణం.

జర్మన్ రచయిత హెర్మన్ హెస్సే 1922లో ప్రకటించిన నవల ఈ చిత్రానికి మూలం. ఆంగ్లానువాదం 1951లో వెలువడినప్పటికీ, వియత్నాం యుద్ధకాలపు అమెరికన్ యువతరం చేపట్టిన తరువాతనే దానికి విశేష ప్రచారం లభించింది. తండ్రి కర్మకాండను, వర్తకుని ధనాన్ని, చివరకు గురువు బోధను సైతం కాదని తన దారి తాను వెదుక్కున్న బ్రాహ్మణ కుమారుడు ఆ యువకులకు తమ ప్రతినిధిగా తోచాడు. అతడు బుద్ధుడు కాడు; బుద్ధుని దర్శించి, గౌరవించి, శిష్యుడు కాకుండానే సాగిపోయినవాడు.

హెస్సేకు భారతదేశం బొత్తిగా పరాయిది కాదు. ఆయన మాతామహుడు హెర్మన్ గుండర్ట్ తలశ్శేరిలో మిషనరీగా పనిచేసి, 1872లో మలయాళ నిఘంటువును ప్రకటించిన పండితుడు. తల్లి దక్షిణ భారతంలోనే జన్మించింది. అయినప్పటికీ 1911లో ప్రాచ్యయాత్ర చేసిన హెస్సే సింహళం, సుమత్రా చూశాడే గాని భారత భూభాగంపై అడుగు పెట్టలేదు. ఆయన వర్ణించిన భారతం గ్రంథాలలో, ఇంటివారి జ్ఞాపకాలలో రూపొందినది.

రూక్స్ ఆ ఊహాలోకానికి నిజమైన నేలను, నీటిని సమకూర్చాడు. 1968లో బీటిల్స్ బృందం మకాం చేసిన ఋషీకేశంలోనూ, భరత్‌పూర్ సంస్థానాధీశుల భవనాలలోనూ చిత్రీకరణ జరిగింది. స్వీడిష్ దర్శకుడు బెర్గ్‌మన్ చిత్రాలకు పనిచేసిన స్వెన్ నిక్విస్ట్ ఛాయాగ్రహణం నిర్వహించాడు. శశికపూర్, సిమీ గరేవాల్ ప్రధాన పాత్రధారులు. సంభాషణలు ఆంగ్లంలో, హేమంత్ కుమార్ పాటలు వంగభాషలో. ఆ నదిని చూడడానికే చిత్రాన్ని మళ్ళీ మళ్ళీ చూడవచ్చునని అభిమానులంటారు. అందమైన పటాల వరుసే గాని అంతర్మథనం లేదని విమర్శకులంటారు. ఇరుపక్షాల మాటలోనూ సత్యం లేకపోలేదు.

మన దేశంలో మాత్రం చర్చ సిమీ గరేవాల్ నగ్నదృశ్యం చుట్టూనే పరిభ్రమించింది. కథకు సహజమైతే చుంబనాన్ని, నగ్నతను అనుమతించవచ్చునని ఖోస్లా సంఘం 1969లోనే సూచించింది. మరుసటి సంవత్సరం కె.ఎ. అబ్బాస్ కేసులో సుప్రీంకోర్టు ముందస్తు సెన్సారును సమర్థిస్తూనే, శృంగారమూ అశ్లీలమూ ఒకటి కావని స్పష్టం చేసింది. న్యాయస్థానం చూపిన ఆ విచక్షణ సంఘానికి అంత సులభంగా అలవడలేదు.

ప్రభుత్వం మాటేమిటి? ఫ్రెంచి దర్శకుడు లూయీ మాల్ మన మురికివాడలనూ, కులవ్యవస్థనూ చూపిన చిత్రాలను బి.బి.సి. ప్రసారం చేసినందుకు ఆగ్రహించి, 1970లో ఆ సంస్థ ఢిల్లీ కార్యాలయాన్ని మూయించింది. మాల్ దృష్టి ఏకపక్షమని వాదించవచ్చు. కాని అతడు చూపినవి ఉన్న మనుషులనే. రూక్స్ చూపిన భారతంలో పేదవాడే దాదాపు కానరాడు.

నవలలో సిద్ధార్థుడు ఉపవాసం చేయగలగడాన్ని తన విద్యలలో ఒకటిగా వర్తకునికి చెప్పుకుంటాడు. విడిచిపెట్టడానికి ఏదైనా ఉన్నవాడికే పస్తు విద్య కాగలదు. ఈ చిత్రం వెలువడడానికి ముందు సంవత్సరమే తూర్పు బెంగాల్ నుండి దాదాపు కోటిమంది శరణార్థులు మన సరిహద్దులు దాటారు. వెలువడిన ఏడాదే మహారాష్ట్రను ఘోరమైన క్షామం పీడించింది. వారి ఉపవాసానికి ఏ గురువూ దీక్ష ఇవ్వలేదు. రెండున్నర వేల ఏళ్ళనాటి కథలో శరణార్థి శిబిరాలు ఉండాలని ఎవరూ కోరరు. అయితే ఆ కథను భారతదేశపు ఆత్మగా చేతబట్టుకుని కాబూలు మీదుగా ఢిల్లీకి, ఖాట్మండుకు సాగిన యాత్రికులకు దారి పొడవునా ఉన్న ఆకలి ఎంతవరకు కనిపించిందన్నది అడగవలసిన ప్రశ్నే. 1979లో ఇరాన్ విప్లవం, ఆఫ్ఘనిస్థాన్‌లో సోవియట్ సైన్య ప్రవేశం ఆ మార్గాన్ని మూసివేశాయి. పుస్తకం మాత్రం నిలిచింది.

అంతమాత్రాన ‘సిద్ధార్థ’ను త్రోసిపుచ్చనవసరం లేదు. ఏ బోధనూ గుడ్డిగా స్వీకరించరాదన్న దాని సారాంశం, గురువులకూ నాయకులకూ కొరత లేని మన దేశానికి నేటికీ అవసరమే. చిత్రాన్ని తప్పక చూడవచ్చు. కాని దానిని చూసి సిగ్గుపడవలసింది నగ్నదేహానికి కాదు. పేదవాడు లేని భారతాన్ని అభ్యంతరం లేకుండా అంగీకరించిన మన అలవాటుకు.