పొలంలో చల్లింది... పాలసీసాలోకి!

పురిటికి సాయం చేయడానికి ఇండియా నుంచి అమ్మ వచ్చిందంటే అమెరికాలో మన ఇళ్ళలో ముందుగా మారేది వంటగది. కాయం పొడి, వాము, కాచిన నెయ్యి... వాటి పక్కనే పొయ్యి మీద పొద్దస్తమానం మరిగే ఓ నీళ్ళగిన్నె. 2025 జూన్‌లో అయోవా రాష్ట్రం డెమోయిన్‌లోని మా ఇంట్లోనూ ఇదే వరస. నెలన్నర పాపకు తల్లిపాలు చాలక డబ్బాపాలు కూడా కలుపుతున్నాం. సరిగ్గా అప్పుడే నీటి సంస్థ నుంచి కబురొచ్చింది. నదుల్లో నైట్రేటు బాగా పెరిగింది, లాన్‌లకు నీళ్ళు పెట్టడం ఆపేయండని.

"ఓస్, అంతేనా! ఇంకో పది నిమిషాలు ఎక్కువ మరిగిస్తే సరి" అంది అమ్మ.

మేమూ సరేనని తలూపాం. అది పొరపాటని తర్వాత తెలిసింది. మరిగిస్తే క్రిములు చస్తాయి గానీ నైట్రేటు చావదు. నీరు ఆవిరయ్యే కొద్దీ గిన్నెలో అది మరింత చిక్కబడుతుంది. చారు ఇగిరితే ఉప్పెక్కినట్టే!

పసిపిల్లలకే ఎందుకు?

ఆరు నెలల్లోపు పాపల పొట్టలో నైట్రేటు నైట్రైటుగా మారి రక్తంలోకి చేరుతుంది. దాంతో రక్తం ప్రాణవాయువును మోయలేదు. ఒళ్ళు నీలంగా మారుతుంది, ముదిరితే ప్రాణానికే ముప్పు. బావినీళ్ళకూ ఈ జబ్బుకూ ఉన్న సంబంధాన్ని 1945లో మొదట బయటపెట్టింది కూడా ఈ అయోవాలో పనిచేసిన డాక్టరే, పేరు హంటర్ కామ్లీ. అందుకే అమెరికాలో తాగునీటికి లీటరుకు 10 మిల్లీగ్రాముల హద్దు పెట్టారు. మన దేశంలో ఆ హద్దు 45 అని ఉంటుంది. కంగారు పడక్కర్లేదు. ఇక్కడ నైట్రేటులోని నత్రజనిని మాత్రమే లెక్కేస్తారు, అక్కడ మొత్తం నైట్రేటును. రెండూ దాదాపు ఒకటే.

డెమోయిన్ చుట్టుపక్కల సుమారు 6 లక్షల మందికి నీళ్ళందించే సెంట్రల్ అయోవా వాటర్ వర్క్స్ దగ్గర నైట్రేటు తీసే యంత్రాలున్నాయి. కానీ రోజుకు అవి శుద్ధి చేయగలిగింది కొంతే. లాన్ల వాడకం తగ్గితేనే కుళాయి నీళ్ళు హద్దులో ఉంటాయి. ఆ వేసవిలో అలాగే ఉంచగలిగారు.

గాలి నుంచి మట్టికి, మట్టి నుంచి ఏటికి

ఇంతకీ నదిలోకి ఈ నైట్రేటు ఎక్కడిది? మనం పీల్చే గాలిలో 78 శాతం నత్రజనే. అయినా మొక్క దాన్ని నేరుగా తినలేదు. మినుము, పెసర, సోయా వేళ్ళ బుడిపెల్లో ఉండే సూక్ష్మజీవులు దాన్ని పట్టి మొక్కకు అందిస్తాయి. లేదంటే ఎరువుల ఫ్యాక్టరీ ఆ పని చేస్తుంది. మొక్క నుంచి పశువుకు, మనిషికి, పేడ ద్వారా, కుళ్ళిన ఆకు ద్వారా మళ్ళీ మట్టికి. చివరికి నీళ్ళు నిలిచే బురదనేలల్లో ఇంకో రకం సూక్ష్మజీవులు దాన్ని గాలిలోకే తిరిగి పంపుతాయి. ఇదే నత్రజని చక్రం.

అయోవాలో ఈ చక్రం రెండుచోట్ల తెగింది. ఒకటి, ఇక్కడి నేలలో ఎక్కువ భాగం మొక్కజొన్న, సోయానే. కోత అయ్యాక అక్టోబరు నుంచి మే దాకా చాలా పొలాలు ఖాళీ. వసంతంలో నేల వేడెక్కగానే మట్టిలోని ఎరువు, పాత సారం నైట్రేటుగా మారతాయి. అందుకునే వేళ్ళు మాత్రం అప్పటికి ఉండవు. పైగా మట్టిరేణువు అమ్మోనియాను పట్టుకుంటుంది గానీ నైట్రేటును పట్టుకోలేదు. వాన పడితే చాలు, జారిపోతుంది.

రెండోది, పొలాల అడుగున నీరు తీసేయడానికి వేసిన గొట్టాలు. ఒకప్పటి బురదనేలలను ఆరబెట్టి పొలాలు చేసింది వీటితోనే. నత్రజనిని గాలిలోకి పంపే చోటు పోయింది, ఏట్లోకి దించే దారి తెరుచుకుంది. ఇవి చాలవన్నట్టు రాష్ట్రంలో రెండు కోట్లకు పైగా పందులు, వాటి పేడ కూడా ఆ పొలాలకే.

డెమోయిన్ నది మిసిసిపీలో, మిసిసిపీ మెక్సికో సింధుశాఖలో కలుస్తాయి. అక్కడ ఈ ఎరువు తిని నాచు పెరుగుతుంది. అది చచ్చి కుళ్ళేటప్పుడు నీటిలోని ప్రాణవాయువంతా హరించుకుపోతుంది. 2017లో అలా చేపలు బతకలేని ప్రాంతం సుమారు 22,700 చదరపు కిలోమీటర్లకు చేరింది. అంటే విడిపోకముందు గుంటూరు జిల్లాకు రెండింతలు!

మన తెనాలి సంగతి

ఇదంతా చెబితే అమ్మ తేలిగ్గా తీసుకుంది. "నేల ఖాళీగా ఉంచితే ఎట్లా? మా నాన్న వరి కొయ్యకముందే మినుము చల్లేవాడు. దమ్ముకి ముందు జీలుగ దున్నించేవాడు" అంది. అయోవా రైతులకు వ్యవసాయ శాస్త్రవేత్తలు ఇప్పుడు చెబుతున్నదీ అదే. కోత తర్వాత రై వంటి పైరు వేసి నేలను కప్పి ఉంచమంటున్నారు. గొట్టాల చివర చిన్న బురదకుంటలు కట్టమంటున్నారు. నదుల్లోకి పోయే నత్రజని, భాస్వరాలను 45 శాతం తగ్గించాలని రాష్ట్రం 2013లో లక్ష్యం పెట్టుకుంది. అయినా 2025 వేసవి ఎలా గడిచిందో చూశాం.

అలాగని మన ఊరు మడి కట్టుకుని కూర్చుందని కాదు. డెల్టాలోనూ ఇప్పుడు వరి తర్వాత మొక్కజొన్న, దానికి యూరియా బస్తాలు. రెండు తెలుగు రాష్ట్రాల్లోనూ హద్దు మించిన నైట్రేటున్న బోర్లు ఎన్నో.

మనం చేయాల్సింది

ఊరికి దూరంగా సొంత బావి ఉన్న ఇంట్లో ఉంటే ఏడాదికోసారి నీళ్ళు పరీక్ష చేయించండి. సిటీ నీళ్ళయితే నీటి సంస్థ ఏటా ఇచ్చే నివేదికలో నైట్రేటు అంకె చూడండి. అది హద్దు దాటితే పసిపిల్లల పాలకు సీసా నీళ్ళు గానీ ఆర్‌ఓ నీళ్ళు గానీ వాడండి. ఫ్రిజ్‌లో పెట్టే మామూలు బొగ్గు ఫిల్టర్ జగ్గు నైట్రేటును ఆపలేదు. లాన్‌కు ఎరువు వేసే ముందు వాన సూచన చూసుకోండి.

ఆరు నెలలు నిండి అమ్మ తిరిగి వెళ్ళింది. ఇల్లు చేరిన మర్నాడే ఫోన్ చేసింది. క్షేమంగా చేరానంటుందనుకున్నాం.

"ఏమర్రా, మన బోరు నీళ్ళు ఎక్కడ పరీక్ష చేయిస్తారో కాస్త కనుక్కోండి. పక్కింటి పిల్లకి నెలలు నిండాయి" అంది.