ఎత్తు తగ్గించిన కారు – గుంతల రోడ్డు

మానవ నాగరికతా యాత్రలో చక్రానికి ఉన్న స్థానం మనందరికీ తెలిసినదే. అయితే వేల సంవత్సరాలపాటు ఆ చక్రం కర్రతోను, ఇనుప పట్టాతోను దొర్లినదే గాని దానికి మెత్తదనం లేదు. 1845లో స్కాట్లాండుకు చెందిన రాబర్ట్ విలియం థామ్సన్ గాలి నింపిన చక్రాన్ని ఊహించి పేటెంటు కోరినా అది వాడుకలో నిలువలేదు. బెల్‌ఫాస్ట్ నగరంలో పశువైద్యుడైన జాన్ బాయిడ్ డన్‌లప్ తన కుమారుని మూడు చక్రాల సైకిలు కుదుపు తగ్గించడానికి గాలి టైరును రూపొందించి, 1888లో పేటెంటు పొందిన తరువాతనే అది లోకమంతటా వ్యాపించినది. అనగా టైరు పుట్టినదే కుదుపు నుండి మనిషిని కాపాడడానికి. ఆ సంగతి మరచిన చోట ఏమి జరుగుతుందో వివరించడమే ఈ వ్యాసం ఉద్దేశం.

భాషాసాహిత్యాలు బోధించే మాకు యంత్రాలతో పని ఏమిటని పాఠకులు అడుగవచ్చును. సమాధానంగా ఒక సంఘటన చెప్పవలసి ఉన్నది. మన కళాశాలలో చదివి ఉద్యోగంలో కుదురుకొన్న యువకుడొకడు పాత కారు కొన్నాడు. దాని స్ప్రింగులు కత్తిరింపించి నేలకు దగ్గరగా దింపించాడు. పాత చక్రాలు తీయించి పెద్ద రిమ్ములు, వాటికి సన్నని టైర్లు వేయించాడు. దానిని మాకు చూపించడానికి కళాశాలకు తెచ్చినప్పుడు మేమూ చుట్టూ తిరిగి చూచి "బాగున్నది" అన్నాము. రెండు నెలలు గడువకముందే, వర్షం కురుస్తున్న ఒక రాత్రి తల్లిని, చెల్లెలిని పెండ్లి నుండి ఇంటికి తీసుకొని వస్తుండగా, ఒక కల్వర్టు దగ్గర నీరు నిండిన గుంతలో ఎడమవైపు చక్రాలు రెండూ ఒకదాని వెంట ఒకటి పడినవి. రెండు టైర్లూ అక్కడికక్కడే గాలి కోల్పోయినవి. ఉన్న స్టెప్నీ ఒక్కటే. మరొక బండి దొరికేవరకు ఆ తల్లీకూతుళ్ళు రెండు గంటలసేపు చీకటిలో రోడ్డు ప్రక్కన నిలబడవలసి వచ్చినది.

మరునాడు టైర్ల దుకాణానికి ఆ యువకునితో మేమూ వెళ్ళినాము. అక్కడి ఉస్తాద్ పాడైన రెండు టైర్లను ప్రక్కన పెట్టి, బాగానే ఉన్నదనుకొన్న కుడివైపు ముందు చక్రాన్ని విప్పి, లోపలి ప్రక్కన చేయి పెట్టి తడిమి చూచినాడు. "బేటా, రాత్రి పోయిన రెండూ నీకు మేలే చేసినవి. ఇది ఎనభై స్పీడులో పోతుండగా పగిలేది" అన్నాడు. అక్కడ నిమ్మకాయంత ఉబ్బు ఉన్నది. అది ఏనాటి గుంత పెట్టిన గుర్తో ఆ యువకునికే తెలియదు. మేము అన్న "బాగున్నది" అనే మాట ఆ క్షణాన మాకు గుర్తుకు వచ్చినది. ఆ మాటను సరిదిద్దుకొనడానికే, ఉస్తాద్‌ను అడిగి తెలుసుకొన్న విషయాలను, తరువాత చదివి గ్రహించిన విషయాలను ఇక్కడ పొందుపరుస్తున్నాము.

రెండు మెత్తదనాలు

కారులో కూర్చున్న మనిషికి, రోడ్డుకు మధ్య ముఖ్యంగా రెండు మెత్తదనాలు ఉంటవి. ఒకటి టైరులోని గాలి, రెండవది స్ప్రింగు. చిన్న రాళ్ళను, గతుకులను టైరు తనలో ఇముడ్చుకొంటుంది. పెద్ద ఎగుడుదిగుళ్ళు వచ్చినప్పుడు చక్రం పైకి లేచి స్ప్రింగును నొక్కుతుంది. నొక్కుకొన్న స్ప్రింగు ఊగుతూ ఉండకుండా షాక్ అబ్జార్బరు దానిని అణచి ఉంచుతుంది.

మన మెకానిక్కులు లారీ అడుగున ఉండే పట్టీల స్ప్రింగును కమాన్ కట్ట అంటారు. కమాన్ అనే మాట పారసీకం నుండి ఉర్దూ ద్వారా మనకు వచ్చినది. విల్లు అని అర్థం. వంగి తిరిగి లేవడం విల్లు స్వభావం. వంగడానికి చోటు లేని విల్లు వట్టి కర్రతో సమానం. ఈ ఒక్క పోలిక మనసులో ఉంచుకొంటే తక్కినదంతా సులభంగా బోధపడుతుంది.

ఇక టైరు. అది కేవలం రబ్బరు ముద్ద కాదు. రోడ్డును తాకే భాగం క్రింద ఉక్కు తీగల పట్టీలు ఉంటవి. రిమ్మును పట్టుకొనే అంచులో ఉక్కు తీగల కట్ట ఉంటుంది. ఈ అంచు నుండి ఆ అంచుకు పాలిఎస్టరు వంటి గట్టి దారాలు వరుసగా పరచి ఉంటవి. టైరు ప్రక్క భాగం వంగవలసినది కనుక సాధారణంగా అక్కడ ఉక్కు పట్టీలు వేయరు. దారాలు, వాటిపై పలుచని రబ్బరు మాత్రమే ఉంటవి. అందువలన టైరులో మెత్తని చోటు అదే. బలహీనమైన చోటూ అదే.

టైరు మీది అంకెలను చదవడం నేర్చుకొంటే ఇంకొక విషయం తెలుస్తుంది. 185/65 ఆర్ 15 అని ఉన్నదనుకొందాం. 185 టైరు వెడల్పు, మిల్లీమీటర్లలో. 65 అనగా ప్రక్క భాగపు ఎత్తు ఆ వెడల్పులో నూటికి 65 వంతులు. అంటే సుమారు 120 మిల్లీమీటర్లు. ఆర్ అనునది రేడియల్ నిర్మాణానికి గుర్తు. 15 రిమ్ము వ్యాసం, అంగుళాలలో. దీని స్థానంలో 205/45 ఆర్ 17 వేసినామనుకొందాం. చక్రం మొత్తం ఎత్తు దాదాపు అంతే ఉంటుంది. కాని ప్రక్క భాగం 92 మిల్లీమీటర్లకు తగ్గిపోతుంది. రిమ్ము పెరిగినంత మేర గాలి గది తరిగినదన్నమాట. చూపరులకు కనిపించేది పెరిగిన రిమ్ము. గుంతకు ఎదురు నిలిచేది తరిగిన గాలి.

గుంత అంచు వద్ద జరిగేది

చక్రం గుంతలోకి దిగినప్పటి కంటె, ఎదుటి అంచును ఢీకొన్నప్పుడే ఎక్కువ దెబ్బ తగులుతుంది. ఆ అంచు టైరును లోపలికి నొక్కుతుంది. గాలి గది చాలినంత ఉంటే టైరు ముడుచుకొని, చక్రం పైకి లేచి, అంచు దాటిపోతుంది. గది చాలకపోతే టైరు ప్రక్క భాగం ఒకవైపు గుంత అంచుకు, మరొకవైపు రిమ్ము అంచుకు మధ్య పోకచెక్క అడకత్తెరలో పడ్డట్లు నలుగుతుంది. అప్పుడు లోపలి దారాలు తెగుతవి. పూర్తిగా తెగితే గాలి వెంటనే పోతుంది. కొన్ని మాత్రమే తెగితే పైకి ఏమీ కనిపించదు. లోపలి గాలి ఆ తెగిన చోట రబ్బరును బయటికి నెడుతూ క్రమంగా ఉబ్బు పుట్టిస్తుంది. ఉస్తాద్ చేతికి తగిలినది అదే.

ఇప్పుడు కారు ఎత్తు తగ్గించిన సంగతి చూతము. కారు నిలిచి ఉన్న స్థితి నుండి చక్రం ఇంకా పైకి లేవడానికి 80 మిల్లీమీటర్ల చోటు ఉన్నదనుకొందాం. కారును 40 మిల్లీమీటర్లు దింపితే ఆ చోటు సగమవుతుంది. బండి క్రింద ఖాళీగా ఉన్నదని మనం తీసివేసినది నిజానికి ఖాళీ కాదు. అది స్ప్రింగు పని చేసే స్థలం. ఆ స్థలం అయిపోగానే సస్పెన్షను రబ్బరు దిమ్మెకు తగిలి ఆగుతుంది. అక్కడి నుండి టైరు ఎదుర్కొనేది చక్రం బరువును మాత్రమే కాదు, ఆ మూలన ఉన్న కారు బరువును కూడా. కత్తిరించిన స్ప్రింగు గట్టిపడుతుందన్నది కూడా సత్యమే. ఆరు చుట్లు పని చేసే స్ప్రింగులో ఒక చుట్టు తీసివేస్తే అది సుమారు అయిదవ వంతు అధికంగా బిగుసుకొంటుంది. అయితే పోయిన చోటును ఆ కొద్దిపాటి బిగువు పూడ్చలేదు. పైగా చక్రం తేలికగా పైకి లేవనందున మొదటి దెబ్బను టైరే భరించవలసి వస్తుంది. కొందరు కత్తిరించుటకు మారుగా స్ప్రింగును మంటతో కాల్చి కుదిస్తారు. అది మరింత ప్రమాదం. ఉక్కు తన పదును కోల్పోతుంది.

మరొక నష్టం మెల్లగా జరిగేది. చాలా కార్లలో ఎత్తు తగ్గినప్పుడు చక్రాల పైభాగం లోపలికి వాలుతుంది. అలైన్‌మెంటు సరిచేయించకపోతే టైరు లోపలి అంచు త్వరగా అరిగిపోతుంది. బయట నుండి చూచేవారికి టైరు క్రొత్తదివలె ఉంటుంది. లోపలి ప్రక్క మాత్రం తీగ బయటపడుతూ ఉండవచ్చును. కుదుపులలో టైరు పైన ఉన్న మడ్‌గార్డు లోపలి భాగానికి రాసుకొని కోసుకొనిపోవడం కూడా కద్దు.

మరి ఎత్తు తగ్గించడంలో మేలు లేదా? ఉన్నది. బరువు నేలకు దగ్గరైతే మలుపులలో కారు ప్రక్కకు ఒరగడం తగ్గుతుంది. పందెపు కార్లు నేలకు ఆనుకొని ఉండడానికి కారణం అదే. కాని అవి నునుపైన బాటపై పరుగెత్తుతవి. రెండవ ప్రపంచ యుద్ధం తరువాత అమెరికాలోని కాలిఫోర్నియాలో మెక్సికన్ సంతతి యువకులు కార్లను నేల బారుగా దింపి వీధులలో తిప్పేవారు. అయితే మెల్లగా నడపడమే వారి వేడుక. పందెపు కారు రూపాన్ని తెచ్చుకొని పందెపు బాటను తెచ్చుకొనలేకపోవడమే మన చిక్కు.

మన గుంతలు

తారు పొరలో పగులు ఏర్పడుతుంది. వర్షపు నీరు ఆ పగులు గుండా దిగి అడుగు పొరను నానబెడుతుంది. పైన లారీ చక్రం నొక్కినప్పుడల్లా ఆ నీరు సన్నని మట్టిని వెంటబెట్టుకొని బయటికి చిమ్ముతుంది. క్రింద డొల్ల ఏర్పడుతుంది. ఒకనాడు పై పొర విరిగి కూలుతుంది. తడిస్తే ఉబ్బి, ఎండితే నెర్రెలు విచ్చే నల్లరేగడి నేలలు ఉన్నచోట ఈ పని మరింత వేగంగా సాగుతుంది. నీరు నిండిన గుంత లోతును ఎంతటి అనుభవజ్ఞుడైన డ్రైవరూ చెప్పలేడు.

ఇది టైర్ల ఖర్చుతో ముగిసే విషయం కాదు. 2013 నుండి 2017 వరకు దేశంలో రోడ్డు గుంతల వలన 14,926 మంది మరణించినారన్న లెక్కను 2018 డిసెంబరులో సుప్రీం కోర్టు ప్రస్తావించి ఆవేదన ప్రకటించినది. రోడ్డును బాగుచేయవలసిన వారి బాధ్యతను ఎవరూ కాదనలేరు. కాని రోడ్డు బాగుపడేవరకు దానిపై ప్రయాణించేది మన తల్లులు, తోబుట్టువులు. వారిని ఎక్కించుకొన్న బండి ఎట్లున్నదో చూచుకొనడం మన బాధ్యత.

గుర్తించడం, జాగ్రత్తపడడం

గుంతలో గట్టిగా పడిన తరువాత బండిని సురక్షితమైన చోట ఆపి నాలుగు చక్రాలనూ చూడవలెను. టైరు ప్రక్కన బయటికి పొడుచుకొని వచ్చిన ఉబ్బు ఉంటే ఆ టైరు పని అయిపోయినట్లే. పంక్చరు అతుకు రోడ్డును తాకే భాగానికే గాని ప్రక్క భాగానికి పనికిరాదు. లోపలికి కొద్దిగా నొక్కుకొన్నట్లు కనిపించే నిలువు గీత మాత్రం సాధారణంగా దారాల అతుకు వలన ఏర్పడేది, దానికి భయపడనక్కరలేదు. ఉబ్బు తరచు లోపలి ప్రక్కనే దాగి ఉంటుంది కనుక చక్రం విప్పించి చూడడం మేలు. స్టీరింగు వణుకుట, బండి ఒక ప్రక్కకు లాగుట, ఒకే టైరులో మాటిమాటికి గాలి తగ్గుట – ఇవి రిమ్ము వంగినదనడానికో, అలైన్‌మెంటు చెడినదనడానికో సూచనలు.

గాలి విషయంలో కారు తలుపు ప్రక్కన అతికించిన పట్టికలోని అంకెనే పాటించవలెను. టైరు చల్లగా ఉన్నప్పుడే కొలవవలెను. గాలి తక్కువైతే రిమ్ము నేలకు త్వరగా అందుతుంది. మరీ ఎక్కువైతే టైరు వంగే గుణం కోల్పోతుంది. పాత టైరు కొనేటప్పుడు దాని ప్రక్కన ఉండే నాలుగంకెల ముద్ర చూడవలెను. 2319 అని ఉంటే అది 2019వ సంవత్సరం 23వ వారంలో తయారైనదని అర్థం. లోపలివైపు అతుకులు ఉన్నవేమో కూడా పరిశీలించవలెను.

అన్నింటికంటె ముఖ్యమైనది వేగం. వేగం 40 నుండి 60 కిలోమీటర్లకు పెరిగితే బండిలోని చలన శక్తి రెండున్నర రెట్లకు కొంచెం తక్కువగా, అనగా 2.25 రెట్లు అవుతుంది. గుంత కనిపించినప్పుడు దానికి ముందే బ్రేకు వేసి, అంచు చేరేసరికి బ్రేకు వదలవలెను. బ్రేకు పట్టి ఉంచితే బండి ముందుకు వంగి, ముందు స్ప్రింగులు అప్పటికే నొక్కుకొని ఉంటవి. మిగిలి ఉన్న కొద్దిపాటి చోటు కూడా పోతుంది.

చట్టం కూడా ఈ విషయంలో మౌనంగా లేదు. మోటారు వాహనాల చట్టం, 1988లోని 52వ సెక్షను ప్రకారం తయారీదారు నిర్దేశించిన దానికి భిన్నమయ్యేటట్లు వాహనాన్ని మార్చరాదు. 2019 జనవరిలో సుప్రీం కోర్టు ఈ నియమాన్ని మరల స్పష్టపరచినది. చెప్పకుండా చేసిన మార్పు వలన ప్రమాద సమయంలో బీమా సొమ్ముకు చిక్కు రావచ్చును.

ఆ యువకుడు తన కారుకు తగిన స్ప్రింగులు, పాత కొలత టైర్లు తిరిగి వేయించుకొన్నాడు. పెద్ద రిమ్ములను అమ్మడానికి మనసు రాక ఇంట్లోనే ఉంచుకొన్నాడట. అందుకు మేము అతనిని తప్పుపట్టలేము; అందాన్ని ప్రేమించడం యౌవన సహజం. మొన్న మరల కళాశాలకు వచ్చినప్పుడు అతడు కారును చూపించలేదు. మేమే అడిగి బయటికి వెళ్ళి, ఈసారి వంగి నాలుగు చక్రాల లోపలి ప్రక్కలు చూచి, "బాగున్నది" అన్నాము.

విద్యార్థి మిత్రులారా! రేపు మీలో చాలామంది స్వంత బండి కొంటారు. దానిని అలంకరించుకొనండి, కాదనము. ఏదైనా ఒక భాగాన్ని తీసివేయబోయే ముందు మాత్రం అది అక్కడ ఏ పని చేయుచున్నదో అడిగి తెలుసుకొనండి. చెప్పగలవారు గ్రంథాలలోనే కాదు, మన వీధి చివర టైర్ల దుకాణంలో కూడా ఉన్నారు.