అడవిలో క్యాంపింగ్, జీపీఎస్‌తో డబ్బా వేట: హిందూపురం, పెనుకొండ, ధర్మవరం నుంచి బయలుదేరే ముందు తెలుసుకోవాల్సినవి

శని, ఆదివారాలు కలిసొస్తే నలుగురు స్నేహితులు బండ్లెక్కి ఏ కొండకో, అడవికో వెళ్లి రాత్రి టెంట్‌లో పడుకుని రావడం ఇప్పుడు మన వైపు కూడా మామూలైంది. బెంగళూరులో ఉద్యోగాలు చేస్తూ సెలవులకు ఇంటికొచ్చే పిల్లలు దీనికి ఇంకో సరదా జోడిస్తున్నారు. అదే జియోక్యాషింగ్. ఎవరో ఎక్కడో దాచిన డబ్బాను ఫోన్‌లోని జీపీఎస్ సాయంతో వెతికి పట్టుకునే ఆట ఇది.

రెండూ కలిపితే ప్రయాణం బాగుంటుంది. కానీ డబ్బా ఎక్కడ దాచారు, టెంట్ ఎక్కడ వేశారు అన్నదాన్ని బట్టి అది సరదాగా మిగలొచ్చు, అటవీ శాఖ కేసుగానూ మారొచ్చు. ఏది చేయొచ్చు, ఏది కూడదు, అనుమతి ఎవరిని అడగాలి?

జియోక్యాషింగ్ అంటే ఏమిటి?

ఇక్కడ క్యాష్ అంటే డబ్బు కాదు. దాచిపెట్టిన వస్తువు అనే అర్థంలో ఫ్రెంచి నుంచి వచ్చిన మాట. ఒకరు నీళ్లు చొరబడని చిన్న డబ్బాలో ఒక పుస్తకం, పెన్సిల్ పెట్టి ఎక్కడో దాస్తారు. ఆ చోటి అక్షాంశ, రేఖాంశాలను వెబ్‌సైట్‌లో పెడతారు. మీరు యాప్ తెరిచి ఆ చోటికి వెళ్లి, డబ్బా వెతికి, పుస్తకంలో పేరు, తేదీ రాసి, దాన్ని ఉన్నచోటే పెట్టి రావాలి. లోపల బొమ్మలు, నాణేల వంటి చిన్న వస్తువులుంటే ఒకటి తీసుకోవచ్చు. బదులుగా అంతే విలువైనది పెట్టాలి.

2000 మే మొదట్లో అమెరికా ప్రభుత్వం పౌరుల జీపీఎస్ సంకేతాల్లో కావాలని పెడుతూ వచ్చిన లోపాన్ని తీసేసింది. వెంటనే, మే 3న, ఒరెగాన్ రాష్ట్రంలో డేవ్ అల్మర్ అనే ఆయన అడవి అంచున ఒక బకెట్ దాచి దాని కోఆర్డినేట్లను ఇంటర్నెట్‌లో పెట్టారు. ఆట అలా పుట్టింది. ఇప్పుడు ప్రపంచమంతా కలిపి 30 లక్షలకు పైగా డబ్బాలున్నాయి. మన దేశంలో మాత్రం తక్కువే. మామూలు ఖాతాకు డబ్బు కట్టనక్కర్లేదు.

మన చుట్టూ ఉన్నది ఏ రకం అడవి?

చాలామంది పొరపడేది ఇక్కడే. శ్రీ సత్యసాయి జిల్లాలో అభయారణ్యం ఒక్కటీ లేదు. పెనుకొండ, మడకశిర, కదిరి కొండల్లో కనిపించే అడవిలో ఎక్కువ భాగం రిజర్వ్ ఫారెస్ట్. అభయారణ్యం కాదు కదా అని ఇష్టమొచ్చినట్టు తిరగడానికి వీల్లేదు. అనుమతి లేకుండా రిజర్వ్ ఫారెస్ట్‌లోకి వెళ్లడం, నిప్పు పెట్టడం ఆంధ్రప్రదేశ్ అటవీ చట్టం, 1967 ప్రకారం నేరం.

అభయారణ్యాలు చూడాలంటే జిల్లా దాటాలి. కడప వైపు కలివికోడి కోసం ఏర్పాటైన శ్రీ లంకమల్లేశ్వర అభయారణ్యం, నంద్యాల జిల్లాలో బట్టమేకల పిట్ట కోసం ఏర్పాటైన రోళ్లపాడు, చిత్తూరు జిల్లాలో ఏనుగులు తిరిగే కౌండిన్య, ఇంకా పైకి వెళ్తే నాగార్జునసాగర్-శ్రీశైలం టైగర్ రిజర్వ్ ఉన్నాయి. హిందూపురం వాళ్లకు దగ్గర్లో, సరిహద్దు దాటితే కర్ణాటకలోని మధుగిరి తాలూకాలో జయమంగలి కృష్ణజింకల సంరక్షణ కేంద్రం ఉంది. 2007లో ఏర్పాటైన ఈ కేంద్రం దాదాపు 800 ఎకరాల గడ్డిభూమి.

అభయారణ్యంలో డబ్బా దాచొచ్చా?

దాచకూడదు. అందుకు కారణాలు మూడు.

మొదటిది, లోపలికి వెళ్లడానికే అనుమతి కావాలి. వన్యప్రాణి సంరక్షణ చట్టం, 1972లోని 27వ సెక్షన్ ప్రకారం విధి నిర్వహణలో ఉన్న ఉద్యోగులు, లోపల ఆస్తి హక్కులున్నవారు, మధ్యలోంచి పోయే ప్రజా రహదారి మీద ప్రయాణించేవారు వంటి కొందరిని మినహాయిస్తే మిగతా అందరికీ పర్మిట్ ఉండాలి. 28వ సెక్షన్ కింద పర్యాటకం, ఫొటోగ్రఫీ, వన్యప్రాణుల అధ్యయనం, పరిశోధన వంటి పనులకు పర్మిట్ ఇస్తారు. మీరు సఫారీకి టికెట్ కొన్నారంటే సఫారీ దారిలో తిరగడానికి అనుమతి దొరికినట్టు. దారి దిగి పొదల్లో డబ్బా వెతకడానికి కాదు.

రెండోది, వదిలి వచ్చిన డబ్బా చట్టం దృష్టిలో చెత్త అవుతుంది. అభయారణ్యం నేల మీద చెత్త వేయకూడదని, జంతువులను వేధించకూడదని అదే 27వ సెక్షన్ చెబుతోంది. ఈ నిబంధన జయమంగలి లాంటి సంరక్షణ కేంద్రాలకూ వర్తిస్తుంది. చట్టాన్ని ఉల్లంఘిస్తే మూడేళ్ల వరకు జైలు, లక్ష రూపాయల వరకు జరిమానా, లేదా రెండూ పడొచ్చు. 2022 సవరణకు ముందు ఈ జరిమానా గరిష్ఠంగా 25 వేలే.

మూడోది, స్థలం ఎవరి అధీనంలో ఉందో వారి అనుమతి ఉండాలన్నది ఆట నిబంధనల్లోనే ఉంది. డబ్బాను భూమిలో పాతిపెట్టకూడదు, అందులో తినేవి పెట్టకూడదు అని కూడా ఉంది. అంటే అనుమతి లేకుండా అడవిలో డబ్బా దాచినవారు చట్టాన్నే కాదు, ఆటనూ తప్పినట్టే.

బండరాళ్ల సందులో చెయ్యి పెట్టొద్దు

విదేశీ వీడియోల్లో డబ్బాలు తరచూ బండల సందుల్లో, చెట్ల తొర్రల్లో దొరుకుతుంటాయి. మన కొండలకు ఆ పద్ధతి పనికిరాదు. ఎలుగుబంట్లు పగలు తలదాచుకునేది ఆ బండల మధ్యనున్న గుహల్లోనే. పొద్దు వాలాక రేగుపళ్లు, సీతాఫలాలు, చెదపురుగుల కోసం బయటికొస్తాయి. పిల్లలున్న తల్లి ఎలుగు ఎదురైతే తప్పించుకోవడం కష్టం. చిరుతలున్నాయి. పాములు, తేళ్ల సంగతి చెప్పనక్కర్లేదు.

అందుకే ఒక పట్టింపు పెట్టుకోండి. కంటికి కనిపించని చోట చెయ్యి పెట్టొద్దు. చీకటి పడ్డాక వెతకొద్దు. డబ్బా దొరకకపోతే యాప్‌లో దొరకలేదని రాసి వచ్చేయండి. ఆటలో అదీ ఒక లెక్కే.

మరి ఆట ఎలా ఆడాలి?

డబ్బా లేకుండా ఆడే పద్ధతి ఉంది. దాన్ని ఎర్త్‌క్యాష్ అంటారు. అమెరికా భూగర్భ శాస్త్ర సంఘం 2004లో మొదలుపెట్టింది. ఇందులో మీరు ఒక చోటికి వెళ్లి అక్కడి రాళ్లను, నేలను పరిశీలించి, అడిగిన ప్రశ్నలకు జవాబులు పంపుతారు. దాచేది, తవ్వేది, తీసుకెళ్లేది ఏమీ ఉండదు.

మన ప్రాంతం ఇందుకు సరిగ్గా సరిపోతుంది. ఇక్కడి గ్రానైట్, నైస్ రాళ్లు సుమారు 250 కోట్ల ఏళ్ల నాటివి. హిందూపురానికి 15 కిలోమీటర్ల దూరంలోని లేపాక్షిలో దాదాపు 27 అడుగుల పొడవు, 15 అడుగుల ఎత్తున్న నంది మొత్తం ఒకే రాతిలో చెక్కింది. ఈ రాయి పొరలుగా ఎందుకు ఊడుతుంది, కొండమీది గుండ్లు గుండ్రంగా ఎలా అయ్యాయి అన్నవి పిల్లలతో కలిసి వెతకదగ్గ ప్రశ్నలు. కొత్త ఎర్త్‌క్యాష్ మీరే తయారుచేయాలన్నా స్థలం చూసుకునే శాఖ అనుమతి తప్పదు.

నిజం డబ్బాతోనే ఆడాలనుకుంటే అడవి బయట, యజమాని ఒప్పుకున్న చోట పెట్టండి. మీ సొంత తోట, దారిలోని తెలిసినవారి హోటల్, రాత్రి బస చేసే రిసార్ట్ ఆవరణ లాంటివి చాలు. క్యాంప్‌కు వెళ్లే దారిలో ఇలాంటివి రెండు మూడు ఉంటే ప్రయాణమంతా ఆటలాగే సాగుతుంది.

కొన్నిచోట్ల మాత్రం అడవి కాకపోయినా వద్దు. లేపాక్షి గుడి, పెనుకొండ కోట లాంటి చోట్ల పురావస్తు శాఖ బోర్డు కనిపిస్తే గోడల సందుల్లో ఏమీ పెట్టొద్దు. కేంద్ర రక్షిత కట్టడానికి నష్టం కలిగిస్తే రెండేళ్ల వరకు జైలు, లక్ష రూపాయల వరకు జరిమానా ఉన్నాయి. రైల్వే స్టేషన్లు, వంతెనలు, చెరువుల తూముల దగ్గరా వద్దు. 2011లో ఇంగ్లాండ్‌లోని వెదర్బీ పట్టణంలో ఇలా దాచిన డబ్బాను బాంబు అనుకుని వీధి ఖాళీ చేయించి పేల్చేశారు. ధర్మవరం జంక్షన్‌లో ఎవరిదో తెలియని డబ్బా కనిపిస్తే ఏమవుతుందో ఊహించుకోండి.

రాత్రి బస ఎక్కడ?

అడవిలో నచ్చిన చోట టెంట్ వేసుకునే హక్కు మనకు లేదు. అటవీ శాఖ నిర్వహించే చోట్లే ఉండాలి. నల్లమలలో ఆత్మకూరు దగ్గరి బైర్లూటి, నంద్యాల-గిద్దలూరు దారిలోని పచ్చర్ల జంగిల్ క్యాంపులు అలాంటివే. వెళ్లే ముందే బుక్ చేసుకోవాలి. టైగర్ రిజర్వుల్లో వానాకాలంలో, మామూలుగా జులై 1 నుంచి సెప్టెంబర్ 30 వరకు, పర్యాటకం ఆపేస్తారు కాబట్టి తేదీలు ముందే కనుక్కోండి.

చలిమంట లేనిదే క్యాంపింగ్ ఏమిటని అనిపించొచ్చు. అభయారణ్యంలో నిప్పు పెట్టడాన్ని చట్టంలోని 30వ సెక్షన్ నిషేధించింది. మన జిల్లా అడవుల్లో మాఘం దాటేసరికి గడ్డి ఎండి నిప్పురవ్వ కోసం కాచుకుని ఉంటుంది. 2018 మార్చి 11న తమిళనాడు థేని జిల్లా కురంగణి కొండల్లో కార్చిచ్చులో చిక్కుకుని 20 మందికి పైగా ట్రెక్కర్లు చనిపోయారు. అనుమతి లేని దారిలో వెళ్లినవారు ఎక్కడున్నారో అధికారులకు ముందుగా తెలియదు. అనుమతి కాగితం విలువ అదే. మీకేమైనా అయితే ఎక్కడ వెతకాలో ఒకరికి తెలుస్తుంది.

గూళ్ల జాడ బయటపెట్టొద్దు

హిందూపురం దగ్గర చిలమత్తూరు మండలం వీరాపురంలో ఏటా ఎర్రకాళ్ల కొంగలు వచ్చి ఊళ్లోని చింతచెట్ల మీద గూళ్లు కడతాయి. సైబీరియా కొంగలని పిలుస్తారు గానీ ఇవి మన ఉపఖండం పక్షులే. వాటిని ఊరివాళ్లే కాపాడుకొస్తున్నారు. చెట్ల కింద అరుపులు, టపాసులు, డ్రోన్లు ఉంటే పెద్ద పక్షులు లేచిపోతాయి. గూట్లోని పిల్లలు ఎండకు మాడిపోతాయి, కాకులకు దొరికిపోతాయి.

అడవిలో గూడు, గుహ, బొరియ కనిపిస్తే దాని కోఆర్డినేట్లు యాప్‌లో గానీ, వాట్సాప్ గ్రూపులో గానీ పెట్టొద్దు. ఫోన్‌తో తీసిన ఫొటోలో లొకేషన్ దానంతటదే చేరుతుంది. కెమెరా సెట్టింగుల్లో దాన్ని ఆపేయండి. వేటగాడికి అంతకన్నా సులువైన దారి ఉండదు.

ఫోన్, జీపీఎస్ విషయంలో

సిగ్నల్ లేకపోయినా జీపీఎస్ పనిచేస్తుంది, మ్యాప్ మాత్రం తెరుచుకోదు. ఇంట్లోనే ఆఫ్‌లైన్ మ్యాప్ దించుకోండి. కోఆర్డినేట్లు ఏ పద్ధతిలో ఉన్నాయో చూడండి. ఆటలో డిగ్రీలు, నిమిషాలు వాడతారు. ఉదాహరణకు 14 డిగ్రీల 05 నిమిషాలు అంటే 14.05 డిగ్రీలు కాదు, 14.083 డిగ్రీలు. ఈ ఒక్క పొరపాటుతో దాదాపు 3.7 కిలోమీటర్లు పక్కకు పోతారు. కొండల్లో అది అవతలి లోయ.

విదేశాల నుంచి వచ్చే బంధువులకు ఇంకో మాట చెప్పండి. శాటిలైట్ ఫోన్లు, ఉపగ్రహం ద్వారా సందేశాలు పంపే పరికరాలు టెలికాం శాఖ అనుమతి లేకుండా తేవడం, వాడటం మన దేశంలో నేరం. అవి తెచ్చినవారిని విమానాశ్రయాల్లోనే పట్టుకున్న సందర్భాలున్నాయి.

అనుమతి ఎలా అడగాలి?

రిజర్వ్ ఫారెస్ట్ అయితే మీ ప్రాంత ఫారెస్ట్ రేంజ్ ఆఫీసర్‌ను కలవండి. ఆయన పరిధిలో లేనిదైతే జిల్లా అటవీ అధికారికి పంపిస్తారు. అభయారణ్యం, టైగర్ రిజర్వ్ అయితే ఆ డివిజన్ కార్యాలయాన్ని అడగాలి. నోటిమాటతో సరిపెట్టుకోకుండా కాగితం మీద రాసివ్వండి. అందులో ఇవి ఉండాలి:

- వచ్చేవారి పేర్లు, ఫోన్ నంబర్లు, గుర్తింపు కార్డుల నకళ్లు
- తేదీలు, లోపలికి వెళ్లే సమయం, తిరిగొచ్చే సమయం
- వెళ్లే దారి, ఆగే చోట్ల కోఆర్డినేట్లు
- వాహనాల నంబర్లు
- జియోక్యాషింగ్ అంటే ఏమిటో రెండు వాక్యాల్లో వివరణ, అడవిలో ఏ వస్తువూ వదలబోమన్న హామీ

చివరి అంశం తప్పకుండా రాయండి. ఈ ఆట పేరు వినని అధికారికి జీపీఎస్ పట్టుకుని బండల మధ్య వెతికేవారు గుప్తనిధుల ముఠాలాగే కనిపిస్తారు. పెనుకొండ లాంటి పాత రాజధాని చుట్టూ ఆ అనుమానం ఇంకా తొందరగా వస్తుంది.

బయలుదేరే ముందు

- అనుమతి కాగితం, బుకింగ్ రసీదు ప్రింట్ తీసుకోండి
- మనిషికి రోజుకు కనీసం 4 లీటర్ల నీళ్లు పెట్టుకోండి
- పవర్ బ్యాంక్, టార్చ్, ఈల, ప్రథమ చికిత్స పెట్టె ఉంచుకోండి
- ఎప్పటికి తిరిగొస్తారో ఇంట్లో ఒకరికి చెప్పండి
- అత్యవసరమైతే 112, అంబులెన్స్‌కు 108
- ఒక ఖాళీ గోనెసంచి వేసుకోండి

గోనెసంచి ఎందుకంటే, దారిలో కనిపించే ప్లాస్టిక్ ఏరుకుని రావడం కూడా ఈ ఆటలో ఒక ఆనవాయితీ. ఆటగాళ్లు చాలా దేశాల్లో దానికోసమే ఒక రోజు కేటాయించుకుంటారు. అడవిలో డబ్బా పెట్టి వచ్చేవారిని అధికారులు రెండోసారి రానివ్వరు. చెత్త ఏరుకొచ్చేవారికి మరుసటిసారి అనుమతి అడగడం సులువవుతుంది.